గమ్మునుండండి

మా చిత్తూరు వైపు "గమ్మునుండు" అంటే నోరెత్తకుండా ఉండమని. కోస్తా వాళ్లకు గమ్మున అంటే తొందరగా అని. మా కాలనీకి కొత్తగా వచ్చిన భీమవరం ఆమె ఒకరోజు నేను మా చిన్నోడిని "గమ్మున కూచోరా" అని కసురుకోవడం విని, "కూర్చునే ఉన్నాడు కదండీ పాపం, ఇంకెంత తొందరగా కూర్చుంటాడు?" అంది. పకపకా నవ్వబోయి చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. లోపల మా ఆయన నిద్రపోతున్నాడు.

ఆ అడ్డం పెట్టుకున్న చెయ్యి గురించే ఇదంతా.

మా ఆయన గూడ్సు రైలు డ్రైవరు. లోకో పైలట్ అనాలి గానీ రేణిగుంటలో ఇప్పటికీ డ్రైవరనే అంటారు. గార్డు పేరును 2022లో ట్రైన్ మేనేజరుగా మార్చినా మా పక్కింటావిడ మా అందరికీ గార్డక్కగానే మిగిలిపోయినట్టు. డ్రైవరు ఇంటికి పగలూ రాత్రీ తేడా ఉండదు. రాత్రంతా బండి నడిపి తెల్లవారుజామున వస్తాడు, పొద్దున ఏడింటికి పడుకుంటాడు. ఎనిమిది గంటలో ఆ పైనో డ్యూటీ చేసొస్తే 16 గంటల రెస్టు. స్నానం, తిండి, కరెంటు బిల్లు, పిల్లల ముద్దూ మురిపెం అన్నీ అందులోనే సర్దాలి. మళ్లీ కాల్ వస్తుంది, రెండు గంటల్లో డ్యూటీ ఎక్కే లాబీలో ఉండాలి. ఆ మధ్యలో కన్ను మూసిన గంటలే అతనికీ, అతని వెనక కదిలే యాభై అరవై వ్యాగన్లకూ ధైర్యం.

పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు గార్డక్క నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "డ్రైవరు పెళ్లాం వంట బాగా చెయ్యకపోయినా పర్లేదు మే. మొగుడి నిద్ర కాయాల. వాడు నిద్ర చాలక ఒక్క ఎర్ర సిగ్నలు దాటినాడంటే అంతే." ఆ మాట నా గుండెలో మేకులాగా దిగబడిపోయింది. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు పాసింజరు రైళ్లు ఢీకొన్నప్పుడు నేను టీవీ ముందు కూర్చుని తెల్లవార్లూ లేవలేదు. అది మా లైను కాదు, మా వాళ్లెవరూ అందులో లేరు. అయినా ఆ మర్నాటి నుంచి నా కాపలా రెండింతలయింది.

ఎట్లా కాచానో చెబుతాను, నవ్వద్దు. కుక్కరు విజిల్ వెయ్యబోయే ముందు స్టవ్ కట్టేసేదాన్ని. మిక్సీ పని అంతా ఆయన ఇంటికి రాకముందే ముగించేదాన్ని, అందుకని మా ఇంట్లో చెట్నీ ఎప్పుడూ నిన్నటిదే. కాలింగ్ బెల్లుకు బ్యాటరీలు తీసేశాను. గేటు కీళ్లకు కొబ్బరినూనె పోశాను. పెద్దదానికి నాలుగో ఏడు వచ్చినప్పుడు మా అమ్మ వెండి పట్టీలు చేయించి పెడితే, అది పరిగెత్తినప్పుడల్లా గలగలమంటున్నాయని మువ్వలు పీకించాను. స్టీలు కంచాలు పైకెత్తి పెట్టి ప్లాస్టిక్ కంచాలు కొన్నాను. తలుపుకు ఒక పలక వేలాడదీసి దానిమీద "నాన్న నిద్ర, 2 గంటల దాకా" అని బలపంతో రాసేదాన్ని. గంట మారుతుండేది, మొదటి రెండు మాటలు ఎన్నడూ చెరపాల్సిన అవసరం రాలేదు.

ఇందులో తమాషా ఏమంటే, మాది ఈ దేశంలోనే మోత తక్కువున్న ఊరేమీ కాదు. బొంబాయి, మద్రాసు లైన్లు 1871లో రాయచూరు దగ్గర కలిసినప్పటి నుంచీ ఈ దారిన బళ్లు పోతూనే ఉన్నాయి. గూడూరు దారీ, తిరుపతి మీదుగా కాట్పాడి పోయే దారీ ఇక్కడే కలుస్తాయి. తిరుపతి లోపలికి పోని దూరపు బళ్లన్నీ కొండకు పోయేవాళ్లను మా స్టేషన్లోనే దించుతాయి. ఇంటి వెనక యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలించినప్పుడు దడదడమని మోత ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తుతుంది. మూడు భాషల్లో అనౌన్సుమెంటు నడుస్తూనే ఉంటుంది. తిరుపతి విమానాశ్రయమని పేరే గానీ అదీ మా రేణిగుంటలోనే, నెత్తి మీదే విమానాలు. వీటన్నిటి మధ్యా మా ఆయన హాయిగా గుర్రు పెట్టేవాడు. నేను మాత్రం పాలగిన్నె మూత పడితే ప్రాణం పోయినట్టు ఉలిక్కిపడేదాన్ని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే తెలివి నాకు తొమ్మిదేళ్లు రాలేదు.

బడి ఉన్న రోజుల్లో ఇదంతా నెట్టుకొచ్చాం. సెలవులే గండం. ఆ ఏడు చలికాలమంతా సెలవుల మీద సెలవులు. డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వానలకు బడి మూశారు. తర్వాత వైకుంఠ ఏకాదశి జనం, క్రిస్మస్, కొత్త సంవత్సరం. కాలనీలో కొన్ని ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు ఇంకా దించకముందే జనవరి 9 నుంచి సంక్రాంతి సెలవులు మొదలైపోయాయి. 18 దాకా అన్నారు, తర్వాత 21 దాకా పొడిగించారు. రెండు గదుల ఇల్లు. తొమ్మిదేళ్ల ఆడపిల్ల, ఐదు నిండిన మగపిల్లవాడు. బయట పొద్దున తొమ్మిదింటి దాకా మంచు, మధ్యాహ్నం ఆడుకోవడానికి వీధిలోకి పోతే కిటికీ కిందే అరుస్తారని నాకు భయం. అందుకని ఇంట్లోనే. సౌండ్ ఆపేసిన ఫోను ఇచ్చేదాన్ని. ఇద్దరూ బొమ్మల సినిమాలు మాటలు లేకుండా చూసేవాళ్లు. ఎవరు ఏమంటున్నారో పెద్దది పెదవులు కదిపి చూపించేది, చిన్నోడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని భుజాలు ఊపేవాడు. మా వాడు నవ్వుతున్నాడని భుజాలను చూసి తెలుసుకోవాలి.

ఇరుగుపొరుగు నన్ను తెగ మెచ్చుకునేవాళ్లు. "మీ పిల్లోళ్లు ఇంట్లో ఉండారో లేదో కూడా తెలీదు మే, ఎంత బుద్ధిమంతులో!" అనేది గార్డక్క. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒక జానెడు ఎత్తు పెరిగినట్టుండేది. పిల్లలు ఇంట్లో ఉన్నదీ లేనిదీ తెలియకపోవడం మంచిదా అని ఒక్కసారి కూడా తోచలేదు.

జనవరి 12, శుక్రవారం. ముందు రోజు అమావాస్య కాబట్టి కజ్జాయాలు ఆ రోజు చేద్దామని గార్డక్కా నేనూ అనుకున్నాం. బయటివాళ్లు అరిసెలంటారు, మాకవి కజ్జాయాలు. నానబెట్టిన బియ్యం నీడన ఆరేసి తడి ఉండగానే పిండి పట్టించాలి. చిటికెడు బెల్లం పాకం నీళ్లలో వేస్తే చెదరకుండా ఉండకట్టాలి, కానీ రాయి కాకూడదు. ఆ చిన్న తేడాలోనే పరువంతా ఉంది. పాకం ముదిరితే కజ్జాయం పళ్లతో పోట్లాడుతుంది, లేతదైతే నూనెలో విచ్చిపోతుంది. మా ఇంట్లో చేస్తే గరిటెల చప్పుడని గార్డక్క వాళ్లింట్లో పొయ్యి పెట్టాం. ఆయన తెల్లవారుజామున ఎర్రగుంట్ల వైపు నుంచి సిమెంటు బండి తెచ్చి, ఇంత ఉప్మా తిని పడుకున్నాడు. పిల్లలకు ఒక పని అప్పజెప్పాను: అనపకాయలు ఒలవడం.

అనపకాయ తెలియనివాళ్ల కోసం ఒక మాట. మంచు పడితేనే దానికి రుచి. డిసెంబరు, జనవరిలో మా వైపు సంతల్లో, రోడ్డు పక్కన కుప్పలు పోస్తారు. పట్టుకుంటే చేతికి ఒక జిడ్డు, ఒక వాసన. రెండు రోజులు సబ్బుతో కడిగినా పోదు, ఆ వాసనే మాకు చలికాలం. కాయ ఒలిచి గింజల్ని రాత్రంతా నీళ్లలో నానేస్తే ఉబ్బుతాయి. పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే పైతోలు ఊడి పప్పు టక్కున జారుతుంది. దానితో చేసే పితికిపప్పు కూర, వేడి దోసెలోకో రాగిసంగటిలోకో వేసుకుంటే ఇంక పండక్కి వేరే కూర అక్కర్లేదు. పిల్లలకు ఒలవడం కన్నా పితకడం ఇష్టం, పప్పు తుపాకీ గుండులాగా ఎగురుతుంది కాబట్టి. కానీ అది మర్నాటి పని. ఆ రోజుకు రెండు కిలోల కాయలు ముందు పోసి, పెద్దదాని చేతిలో పలక పెట్టి, పెదవుల మీద వేలు పెట్టి చూపించి, తలుపు దగ్గరకు లాగి పోయాను. గోడ అవతలే కదా అనుకున్నాను.

ఆ రెండు గంటల్లో ఏం జరిగిందో నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది.

చప్పుడు చెయ్యకుండా ఆడుకునే ఆటలు మా పిల్లలు చాలా కనిపెట్టుకున్నారు. అందులో ఒకటి నవ్వులాట. ఎదురెదురుగా కూర్చుని ఒకళ్లు వేషాలు వెయ్యాలి, రెండోవాళ్లు నవ్వకూడదు. వేషం వేసేవాళ్లకు కూడా నవ్వు బయటికి రాకూడదు. వస్తే ఓడినట్టే, ఎందుకంటే నాన్న లేస్తాడు. చిన్నోడు ఒలిచిన గింజల్లో అన్నింటికంటే లేతవి రెండు ఏరి ముక్కుపుటాల్లో పెట్టుకొని కోతిలాగా కళ్లు తిప్పాడు. అక్కకు నవ్వు ఆగలేదు. అక్క నవ్వును చూసి వీడికీ పొంగుకొచ్చింది. బయటికి రాకూడదు కదా, గట్టిగా లోపలికి పీల్చాడు. ఒక గింజ కింద పడింది. ఒకటి పైకి పోయింది.

ఏ ఇంట్లోనైనా అప్పుడు పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. వాడు ఏడవలేదు. పెద్దది తల్లో పిన్ను తీసి ముక్కులో తిప్పి చూసింది. గింజ ఇంకా లోపలికి పోయింది, కొంచెం నెత్తురు వచ్చింది. ఆ నెత్తురును నా పాత చీరముక్కతో తుడిచి, ముక్క మడిచి పుస్తకాల సంచిలో దాచింది. "నాన్నకు రాత్రికి డ్యూటీ. చెప్పొద్దు. అదే వస్తాది" అని తమ్ముడి చెవిలో చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ కాయలన్నీ ఒలిచారు. నేను ఘుమఘుమలాడే కజ్జాయాల డబ్బాతో ఇంటికొచ్చేసరికి గింజలు ఒక గిన్నెలో, పొట్టు ఒక సంచిలో, ఇల్లు దేవుడి గదిలా. పెద్దదాని తల నిమిరి "నువ్వు నాకు రెండో అమ్మవే" అన్నాను.

రాత్రికి గింజలు నానేశాను. గిన్నెలో అవి ఉబ్బుతున్నంతసేపూ వాడి ముక్కులోదీ ఉబ్బుతూనే ఉంది.

శనివారం పొద్దున చిన్నోడికి ముక్కు కారుతోంది. నోటితో ఊపిరి తీస్తున్నాడు. మంచు కాలం, జలుబే అనుకున్నాను. అనుకోవడమేమిటి, నాకు సందేహమే రాలేదు. పసుపు వేసి ఆవిరి పట్టాను. దుప్పటి కింద వాడు నీళ్లు కారే కళ్లతో నన్ను చూస్తుంటే, "ఓర్చుకో నాయినా, నా బంగారం" అన్నాను. ఓర్చుకున్నాడు. కుడివైపు పుటం నుంచే కారుతోందని కూడా చూశాను. చూసి వదిలేశాను. అమ్మకు కనపడనిది ఏదీ ఉండదని చెప్పుకుంటాం గానీ, నాకు కనపడిందే నేను చూడలేదు.

ఆదివారం భోగి. నాలుగున్నరకే కాలనీ పిల్లలు డప్పులు కొట్టుకుంటూ వీధిలో తిరుగుతుంటే, పాత చాపలూ చీపుర్లూ వేసి మంట వెలిగించాం. ఎవరో టైరు తెచ్చి వేస్తే ఆ నల్లపొగకు వాడు దగ్గి దగ్గి నా చీర కొంగులో ముఖం దాచుకున్నాడు. ఆయన డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం నేను పిల్లలను తీసుకొని చంద్రగిరి పక్కన మా అమ్మగారి పల్లెకు పోయాను. పెద్దలకు గుడ్డలు పెట్టుకునే పండగ, మా నాయన పోయిన తర్వాత ఏ ఏడూ మానలేదు.

ఆ రాత్రి వాడు అవ్వ పక్కలో పడుకున్నాడు. పదకొండింటికి మా అమ్మ నన్ను లేపింది. "లేయ్ మే. వీనిది జలుబు గాదు. ముక్కులో ఏందో మురిగిపోతా ఉండాది. వాసన చూడు." వంగి చూశాను. ఒక్కసారికే కడుపులో దేవినట్టయింది. వాడు నిద్ర పోవడం లేదు, కళ్లు తెరిచి మమ్మల్నే చూస్తున్నాడు. అవ్వ అడిగింది, "అబ్బోడా, ముక్కులో ఏం పెట్టుకున్నావురా?" వాడు తలుపు వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. పెద్దది దుప్పటి తల మీదికి లాక్కుంది. ఆ దుప్పటి లోపల అది ఏడుస్తున్న సంగతి కూడా నేను భుజాలను చూసే తెలుసుకున్నాను.

సంక్రాంతి పొద్దున డాక్టర్లు దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. తిరుపతిలో రెండు చోట్ల తలుపులు మూసుంటే, మూడో చోట ముక్కు చెవి గొంతు డాక్టరు ఒకాయన, పండగ పూజ మధ్యలోనుంచి లేచి కుంకుమబొట్టుతోనే వచ్చాడు. తలకు లైటు కట్టుకొని, కొస వంగిన సన్నటి కడ్డీ ఒకటి తీసుకొని, నన్ను వాడిని ఒడిలో గట్టిగా పట్టుకోమన్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు. దూది మీద పడిన దాన్ని చూస్తే అనపగింజ అని నేనే గుర్తుపట్టలేదు. నల్లగా, మెత్తగా, పెట్టుకున్నదానికి రెండింతలుంది.

ఆయన చేతులు కడుక్కుంటూ నాలుగు మాటలు చెప్పాడు. చిన్నపిల్లలకు ఒకవైపు ముక్కే కారుతూ, అదీ వాసన వస్తుంటే జలుబనుకోవద్దు, లోపల ఏదో ఉందనే అనుకోవాలంట. గింజలైతే తడికి ఉబ్బుతాయి, మీరు పట్టిన ఆవిరి దానికి నీళ్లు పోసినట్టే అన్నాడు. పిన్నులు, పట్టకార్లు పెట్టి కెలికితే లోపలికి పోతుంది, పొరపాటున ఊపిరిగొట్టంలోకి జారితే ప్రాణం మీదికొస్తుంది అన్నాడు. "గింజ కాబట్టి మూడు రోజులు ఆగింది. గడియారంలో వేసే బిళ్ల బ్యాటరీ అయ్యుంటే కొన్ని గంటల్లోనే లోపల కాల్చేసేది." నేను బెల్లులోనుంచి తీసేసిన బ్యాటరీలు ఏ డ్రాయరులో పెట్టానా అని అక్కడే వెతుక్కున్నాను మనసులో. అవి పెద్దవే, ముక్కులో పట్టవు. అయినా కాళ్లు వణికాయి.

అప్పటికి మా ఆయన వచ్చాడు. లాబీలో డ్యూటీ దిగి సంచి చేతిలో పట్టుకునే నేరుగా అక్కడికి వచ్చాడు, బూట్లకు నూనె మరకలు అట్లాగే ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు వాడి గడ్డం పట్టుకొని అడిగాడు, "మూడు రోజులు ఎందుకు చెప్పలేదురా, నొప్పి పుట్టలేదా?" వాడు ఆయన మెడ మీద చెయ్యి వేసి, దగ్గరికి లాక్కొని, చెవిలో ఏదో చెప్పాడు. డాక్టరు తలెత్తి మమ్మల్ని చూశాడు.

"నాన్న పడుకున్నాడంట."

ఆ గదిలో ఎవరూ ఏమీ అనలేదు. మా ఆయన సంచి కింద పెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆటోలో ఆయన నాతో మాట్లాడలేదు. కోపమనుకున్నాను. పల్లెకు పోయి, తలంటుకొని, పెద్దలకు పెట్టుకొని, పొంగలి తిన్న తర్వాత పెరట్లో చింతచెట్టు కింద కూర్చుని అడిగాడు. "నేను ఎప్పుడైనా గమ్మునుండమన్నానా మే?"

లేదు. ఆలోచించి చూస్తే ఎప్పుడూ అనలేదు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా.

"రన్నింగ్ రూములో పక్క మంచమోడు లేచి బకెట్లో నీళ్లు పోసుకుంటా ఉంటాడు, ఒకడు ఫోన్లో అరుస్తా ఉంటాడు. నాకు నిద్ర పడతాది. ఇంట్లోనే పట్టదు. మీరు ముగ్గురూ గుసగుసలాడతా ఉంటారు గదా, ఏమైందో ఏమో అని దానికే మెలకువ వస్తాది. కండ్లు మూసుకొని పడుకుంటా. నువ్వు ఇంత కష్టపడతా ఉంటే లేస్తే బాగుండదని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం తొమ్మిదేళ్లు నటించాం. మధ్యలో పిల్లలు.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. గార్డక్క చెప్పింది తప్పు కాదు. డ్రైవరు నిద్ర కాయాల్సిందే. నిద్ర లేని కన్ను సిగ్నలు ముందు ఎంత ప్రమాదమో నాకు ఇప్పటికీ తెలుసు, ఇప్పటికీ భయమే. నేను చేసిన తప్పు నిద్ర కాయడం కాదు. ఆ భయాన్ని నా చేతిలో ఉంచుకోకుండా ఐదేళ్లవాడి నెత్తిన పెట్టాను. ఎవరికి నొప్పి వచ్చినా మోయాల్సినదాన్ని నేను. అలాంటిది వాడు తన నొప్పిని తనే మోసుకొని, నాకు తెలియకుండా జాగ్రత్తపడ్డాడు. దానికి నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు కనుమ. మాకు పసువుల పండగ. ఎ.రంగంపేటలో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదిలితే కుర్రకారు పట్టుకొని ఊడబెరికే సంబరం ఆ పక్కనే జరుగుతుంది గానీ, ఆ తొక్కిసలాటకు పిల్లల్ని తీసుకుపోలేదు. మా పల్లెలో పొద్దున ఆవులకు ఉప్పుచెక్క తినిపించారు. అడవి నుంచి తెచ్చిన ఆకులూ చెక్కలూ ఉప్పు వేసి దంచిన మందు అది, ఎంత చేదంటే ఆవులు తల విదిలించి పరిగెత్తుతాయి. సాయంత్రం ఊరి బయట కాటమరాజు రాయి దగ్గర చిట్లాకుప్ప వేశారు. కంపా కర్రా కొండలాగా పోసి, పొద్దు గూకగానే నిప్పు పెట్టి, కొమ్ములకు రంగులు పూసిన పసువులను దాని పక్కనుంచి తోలతారు. ఆ మంట చూసి, ఆ గిట్టల మోత విని, ఊరి పిల్లలందరూ గొంతు చించుకొని అరుస్తారు. అరవకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

మా ఇద్దరూ ముందు వరసలో నిలబడ్డారు. మంట వెలుగు ముఖాల మీద ఆడుతోంది. కళ్లు విప్పార్చుకొని, ఒళ్లంతా సంబరంతో ఊగుతూ ఉన్నారు. ఇద్దరి నోళ్లకూ చేతులు అడ్డం ఉన్నాయి. చుట్టూ నలభై మంది పిల్లలు పెడబొబ్బలు పెడుతుంటే, వాళ్ల మధ్య నా పిల్లలు చప్పుడు లేకుండా అరుస్తున్నారు.

డాక్టరు దగ్గర ఏడవనిదాన్ని అక్కడ ఏడ్చాను. పొగకేమో అనుకున్నారు.

తిరిగి వచ్చాక "ఇంక గట్టిగా మాట్లాడండి" అని చెబితే అయిపోతుందనుకున్నాను. కాలేదు. ఆజ్ఞ ఇచ్చి అలవాటు చేయించినదాన్ని ఆజ్ఞ ఇచ్చి మాన్పించలేమని ఆ వారం తెలిసింది. పలక తీసేశాను, వాళ్లు దాని మేకును చూసి గొంతు తగ్గించారు. స్టీలు కంచాలు దించాను, వాటిని పువ్వుల్లాగా పెట్టారు. నా వంతుగా నేను మిక్సీ వేశాను, ఆయన పడుకున్నప్పుడే. వేసిన మొదటిరోజు నా చెయ్యి స్విచ్చు మీద ఎంతసేపు ఆగిందో నాకే తెలుసు.

దారి చూపించింది మా ఆయనే. ఒకరోజు పడుకోబోయే ముందు ఇద్దరినీ పిలిచి మంచం మీదినుంచి కాలు బయటికి చాపాడు. బొటనవేలు ఆడించి, "ఇది చైను" అన్నాడు. రైల్లో ఎర్ర గొలుసు ఉంటుంది కదా, బండి ఆగాలంటే లాగుతారు, అది. దెబ్బ తగిలినా, భయమేసినా, అమ్మ కనపడకపోయినా దీన్ని లాగాలి. బండి ఆగుతుంది. "ఊరికే లాగితే?" అంది పెద్దది, గుసగుసగా. "రైల్లో అయితే వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. ఇక్కడ ఒక కజ్జాయం."

రెండు రోజులు ఎవరూ లాగలేదు. మూడో రోజు, సెలవుల్లో ఆఖరి శనివారం, పదకొండు గంటలప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. లోపల్నుంచి మా ఆయన అరుపు, "ఎవడ్రా చైను లాగింది?" పరిగెత్తాను. చిన్నోడు మంచం కొసన నిలబడి రెండు చేతులతో వేలు పట్టుకొని ఉన్నాడు. "విమానం పోతా ఉంది నాన్నా! చూడు!" అన్నాడు. మామూలు గొంతుతో. ఆ గొంతు అంత లావుగా ఉంటుందని నాకు తెలియదు. మా ఆయన కళ్లు నులుముకుంటూ లేచి కిటికీ దగ్గరికి పోయి చూశాడు. అప్పటికే విమానం పోయింది. జరిమానా కట్టించాడు, సగం వాడికే పెట్టాడు. మళ్లీ పడుకుంటే ఐదు నిమిషాల్లో గుర్రు.

డబ్బాలో కజ్జాయాలు ఆ వారమే అయిపోయాయి. ఆ తర్వాతి జరిమానాలు నిప్పట్లతో, అవీ అయిపోయాక బొరుగులతో కట్టారు. ఆ మార్చిలో గార్డక్క గోడ మీదినుంచి తొంగి చూసి, "ఏం మే, మీ ఇంట్లో ఏంది ఆ గలాటా, పొద్దున్నుంచీ!" అంది. నిజంగానే విసుక్కుంది. నేను క్షమాపణ చెప్పుకోవాల్సింది, చెప్పుకోలేదు.

చిన్నోడు ఇప్పుడు ఏడేళ్లవాడు, నోరు మూయించడం ఎవరివల్లా కాదు. అనపకాయలు ఇప్పటికీ ఒలుస్తాడు, నేను పక్కనే కూర్చుంటాను. పెద్దదాని సంగతి వేరే. దానికి పదకొండు వచ్చాయి. నెత్తుటి గుడ్డముక్కను సంచిలో దాచిన పిల్ల అది, నేను రెండో అమ్మవన్న పిల్ల. పట్టీలకు కొత్త మువ్వలు వేయించి ఇచ్చాను, పెట్టెలో పెట్టుకుంది. బడి నుంచి వచ్చి తలుపు వేసేటప్పుడు గడియను ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో మెల్లగా దించుతుంది, ఇనుము ఇనుముకు తగలకుండా. వాళ్ల నాన్న డ్యూటీలో ఉన్నా అంతే.

నేను వంటింట్లో ఉంటాను. ఏమీ వినపడదు. వినపడలేదని తల తిప్పి చూస్తాను, అది అప్పటికే వచ్చి నా వెనక నిలబడి ఉంటుంది.